రోబోటిక్స్ జట్టులో మెంటర్ పని ఎంతవరకు, పిల్లల పని ఎంతవరకు?

ఆమదాలవలస_ఫిజిక్స్
నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా బడిలోని అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు తమ చేతులతో పరికరాలు కట్టి నేర్చుకునే ప్రయోగశాల) బాధ్యత కూడా నాదే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆరుగురితో ఒక రోబోటిక్స్ జట్టు ఉంది. దగ్గరలోని ఇంజినీరింగ్ కళాశాల నుంచి ఇద్దరు విద్యార్థులు శనివారాలు సొంత చార్జీలు పెట్టుకుని వచ్చి మెంటర్లుగా సాయం చేస్తున్నారు. వారి శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు.

నా బాధ వేరు. మా రోబో నల్ల గీత వెంట నడిచేది. బడిలో అది ఎక్కడా తడబడలేదు. పోటీ జరిగిన హాలులో వేదిక మీద పెద్ద హాలోజన్ దీపాలు వెలుగుతుండడంతో ఐఆర్ (పరారుణ కాంతి) సెన్సర్లకు నలుపూ తెలుపూ తేడా తెలియలేదు, రోబో మొదటి మలుపులోనే గీత వదిలేసింది. ప్రోగ్రాంలో ఒక్క అంకె మారిస్తే సరిపోయేది. మెంటర్లను లోపలికి రానివ్వలేదు. పిల్లల దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, ఫైలు కూడా తెరిచారు, కానీ ఆ అంకె ఏ వరుసలో ఉందో ఆరుగురిలో ఒక్కరికీ తెలియలేదు. ప్రోగ్రాం అంతా మెంటర్లే రాసి పెట్టారు మరి.

ఈ ఏడాది అలా జరగకూడదని ఉంది. అలాగని నెలనెలా వందల రూపాయలు ఖర్చుపెట్టుకుని వస్తున్న ఆ అబ్బాయిలతో "మీరు ముట్టుకోకండి" అని చెప్పడానికి మనసు రావడం లేదు. మీ బడుల్లో ఈ హద్దు ఎక్కడ గీసుకున్నారు, దాన్ని మెంటర్లతో ఎలా చెప్పారు?

పలాస_లెక్కలు
మా బడిలో నియమం ఒక్కటే. మెంటర్ స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదు, కీబోర్డు ముట్టుకోకూడదు. ఏది చెప్పినా నోటితోనే చెప్పాలి, లేదంటే నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపాలి. ఇది నా సొంత ఛాదస్తం కాదు. వెక్స్ అనే విద్యార్థుల రోబోటిక్స్ పోటీల నియమావళి ఈ సంగతిని తేల్చి చెబుతుంది: పెద్దలు పనిముట్లు వాడడం నేర్పవచ్చు, సూత్రాలు వివరించవచ్చు, కానీ రోబో రూపకల్పన, నిర్మాణం, ప్రోగ్రామింగ్ విద్యార్థులే చేయాలి. ఫస్ట్ లెగో లీగ్‌లోనూ కోచ్ దారి చూపాలే తప్ప, పరిష్కారం వెతికే పని పిల్లలదే.

రాజాం_మెకానికల్
నేను ఆ శనివారపు మెంటర్ల కోవకు చెందినవాడినే కాబట్టి వారి తరఫున నాలుగు మాటలు రాస్తాను.

మా వైపు బడుల్లో పిల్లలకు ల్యాబ్‌లో దొరికేది వారానికి ఒకటో రెండో పీరియడ్లు. బస్సు వేళకు సగం మంది లేచి వెళ్లిపోవాలి. ఇంట్లో ఎవరికీ ల్యాప్‌టాప్ ఉండదు. వోల్టేజీ కొలిచే మల్టీమీటరును జీవితంలో మొదటిసారి చూస్తున్న పిల్లవాడి ముందు నేను చేతులు కట్టుకుని నిలబడితే, నెల దాటినా చక్రం తిరగదు. చక్రం తిరగకపోతే రెండో నెలలో పిల్లవాడు రాడు. మొదటి రోబో కదలడాన్ని కళ్లతో చూసిన తరువాతే వాళ్లకు "ఎందుకు కదిలింది" అన్న ప్రశ్న పుడుతుంది. ఇది నేను మళ్లీ మళ్లీ గమనించిన సంగతి.

ఇక నియమాల మాటకు వస్తే, అన్ని పోటీలూ వెక్స్‌లా ఉండవు. డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ 1992 నుంచి నడుపుతున్న పెద్ద పోటీలో, అంటే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ లేదా ఎఫ్‌ఆర్‌సీలో, ఇంజినీర్లూ పిల్లలూ ఒకే బల్ల దగ్గర కలిసి పనిచేస్తారు. అందులో పెద్దలు చేయి వేయడాన్ని నిషేధించలేదు. పనిచేసే ఇంజినీరును పిల్లవాడు దగ్గర నుంచి చూడాలన్నదే అక్కడి ఉద్దేశం. ఆ పద్ధతిలో పెరిగిన పిల్లలు వేలమంది ఉన్నారు. అందుకే "ముట్టుకోకూడదు" అన్న ఒక్క మాటతో ఈ వ్యవహారం తెగదు.

పలాస_లెక్కలు
ఎఫ్‌ఆర్‌సీ రోబో యాభై కిలోల బరువుంటుంది. దాన్ని తయారుచేయడానికి కోత యంత్రాలు, డ్రిల్లింగ్ యంత్రాలు కావాలి, వాటి దగ్గర పెద్దవాళ్లు ఉండి తీరాలి. మన ఆమదాలవలస మాస్టారి రోబో అరచేతి వెడల్పు ఉంటుంది. రెండు పసుపుపచ్చ గేర్ మోటార్లు, ప్రోగ్రాంను నడిపే చిన్న ఆర్డుయినో బోర్డు, మోటార్లకు కరెంటు అందించే ఒక మోటార్ డ్రైవర్, ముందొక ఎటైనా తిరిగే క్యాస్టర్ చక్రం. ఇందులో పద్నాలుగేళ్ల పిల్లలు చేయలేని పని ఏముంది బాబూ?

రాజాం_మెకానికల్
చేయలేని పని లేదు మాస్టారూ, చేయడానికి వేళే లేదంటున్నాను. మీ బడిలో స్క్రూడ్రైవరుకు కూడా హాజరుపట్టీ ఉందేమోనని మా జట్టులో అందరం నవ్వుకున్నాం గానీ, మీ పిల్లలు పోయినసారి పోటీలో రోబోను మొత్తం విప్పి మళ్లీ బిగించడం నేను స్వయంగా చూశాను. అది గొప్ప సంగతే. అంత వేళ మీకు ఎలా కుదిరిందో చెప్పండి.

పలాస_లెక్కలు
సాయంత్రం బడి విడిచాక గంటసేపు ఉంచుతాను. దూరం నుంచి వచ్చే పిల్లలను జట్టులోకి తీసుకోలేకపోతున్నాను. ఆ లోటు ఉందని ఒప్పుకుంటాను.

గరివిడి_ఫిట్టర్
నేను ఐటీఐ చదివి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినవాణ్ని. ఇప్పుడు ఖాళీ వేళల్లో మా ఊరి బడికి వెళ్తుంటాను. మీ ఇద్దరి వాదనలోనూ ఒక మెట్టు కనిపించడం లేదు.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు మొదట చూస్తాడు. తరువాత పెద్ద ఫిట్టరుకు పనిముట్లు అందిస్తాడు. ఆ తరువాత పెద్ద ఫిట్టరు పక్కన నిలబడి ఉండగా పని తానే చేస్తాడు. చివరికి ఒంటరిగా చేస్తాడు. రాజాం తమ్ముడు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతున్నాడు. పలాస మాస్టారు నేరుగా నాలుగో మెట్టు ఎక్కిస్తున్నారు. అసలు నేర్చుకోవడం జరిగేది మూడో మెట్టు మీద. అందులో పెద్దవాడి చేయి ఖాళీగా ఉంటుంది గానీ కన్ను మాత్రం పని మీదే ఉంటుంది. ఓపిక అంతా అక్కడే కావాలి, ఎందుకంటే మనం రెండు నిమిషాల్లో బిగించే బోల్టును పిల్లవాడు ఇరవై నిమిషాలు బిగిస్తాడు, ఒకసారి మర కూడా పాడుచేస్తాడు.

మేము చేసే పద్ధతి చెబుతాను. మెంటర్ ఒక రోబోను పిల్లల ముందే, ప్రతి పని ఎందుకు చేస్తున్నాడో పైకి చెబుతూ తయారుచేస్తాడు. అది నడిచాక పిల్లలచేతే పూర్తిగా విప్పిస్తాడు. ఆ విడిభాగాలతోనే పిల్లలు తమ రోబోను కట్టుకుంటారు. మెంటర్ కట్టిన రోబో ఎట్టి పరిస్థితిలోనూ పోటీకి వెళ్లదు. తమ్ముడు అన్నట్టు పిల్లలు మొదటి నెలలోనే చక్రం తిరగడం చూస్తారు, మాస్టారు కోరినట్టు పోటీకి వెళ్లేది పిల్లల చేతి పనే అవుతుంది.

రాజాం_మెకానికల్
విప్పించడం అన్న మాట నాకు తట్టలేదు అన్నా. ఇది మా బృందంలో పెట్టి చూస్తాను.

నెల్లిమర్ల_నాన్న
నేను తండ్రిగా అడుగుతున్నాను. కొన్ని చోట్ల డబ్బు తీసుకునే శిక్షణ కేంద్రాలే రోబోను తయారుచేసి పిల్లల చేతికి ఇస్తున్నాయి. అవి ధగధగ మెరుస్తూ ఉంటాయి. వాటి పక్కన మా అబ్బాయి అట్టముక్క మీద వంకరగా అతికించిన రోబో నిలబడితే న్యాయనిర్ణేతలు దేనివైపు చూస్తారు? అందరూ పాటించని నియమాన్ని మన పిల్లలు మాత్రమే పాటించి నష్టపోవాలా? మావాడికి ఈ పిచ్చి ఎంతగా పట్టిందంటే ఇంట్లో మిక్సీ విప్పి మోటారు చూస్తున్నాడు, వాళ్లమ్మ చట్నీకి రోలు దించింది.

గంటస్తంభం_వీధి
నెల్లిమర్ల గారూ, జిల్లాస్థాయి సైన్స్ ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతగా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. మెరుపు మొదటి అర నిమిషం వరకే పనిచేస్తుంది.

నేను రోబో దగ్గరికి వెళ్లి పిన్నులను కలిపే ఒక జంపర్ వైరు చేతితో ఊడదీస్తాను. "ఇప్పుడు ఏం జరుగుతుంది?" అని అడుగుతాను. తానే కట్టిన పిల్లవాడు వైరును చూసి, అది వెళ్లే పిన్నును చూసి, "ఎడమ చక్రం ఆగిపోతుంది" అంటాడు. కట్టని పిల్లవాడు నా ముఖం చూస్తాడు, లేదా గోడవైపు నిలబడి ఉన్న పెద్దమనిషి ముఖం చూస్తాడు. ఆ చూపు ఎటు వెళ్లిందో దాన్నిబట్టే సగం మార్కులు తేలిపోతాయి. తరువాత "మీరు చేసి పారేసిన నమూనా ఏది, ఎందుకు పారేశారు?" అని అడుగుతాను. దీనికి ముందే బట్టీపట్టి రావడం ఎవరికీ సాధ్యం కాదు. చివరగా, అంతవరకు నోరు విప్పని పిల్లను పేరు అడిగి, ఈ రోబోలో తన చేతిపని ఎక్కడ ఉందో చూపించమంటాను.

వరల్డ్ రోబో ఒలింపియాడ్ లాంటి పోటీల్లో జట్టుకు ఇద్దరో ముగ్గురో పిల్లలుంటారు. పోటీ నడుస్తుండగా కోచ్ వారి బల్ల దగ్గరికి వచ్చి సూచనలు ఇవ్వడానికి వీల్లేదు. ఆమదాలవలస మాస్టారి జట్టుకు ఎదురైంది సరిగ్గా ఈ పరిస్థితే. కాబట్టి మెంటర్ రోబో వల్ల నష్టపోయేది అది తెచ్చుకున్న జట్టే. అయితే న్యాయనిర్ణేతలందరూ అంత ఓపికగా ప్రశ్నలు అడగరన్నది కూడా నిజమే. అందుకు నాకూ బాధగానే ఉంటుంది.

టెక్కలి_తొమ్మిది
నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా అన్నయ్య ఖాతా నుంచి చదివేదాన్ని, ఇప్పుడు నా పేరుతో రాస్తున్నాను. ఇక్కడ అందరూ మెంటర్ ఏం చేయాలో రాస్తున్నారు. మాకు ఎలా ఉంటుందో కూడా చెప్పాలనిపించింది.

మా సార్ "ఇలా ఇవ్వమ్మా" అని స్క్రూడ్రైవర్ తీసుకుంటే అది మళ్లీ మా చేతికి రాదు. సార్ మంచివారే, మాకు త్వరగా అవ్వాలనే తీసుకుంటారు. కానీ మేము ఎక్కడ తప్పు బిగించామో మాకు తెలియకుండానే అది సరైపోతుంది. తరువాత వారం అదే తప్పు మళ్లీ చేస్తాం.

ఇంకొక సంగతి. మా జట్టులో అబ్బాయిలకు ల్యాప్‌టాప్, మాకు చార్టు. "మీ చేతిరాత బాగుంటుంది, మీరు బాగా మాట్లాడతారు" అని పోస్టరూ ఉపన్యాసమూ మా ఇద్దరికే ఇస్తారు. నేను పోటీలో రోబో గురించి ఇంగ్లీషులో ఐదు నిమిషాలు మాట్లాడాను, కానీ దానికి అప్పటివరకు ఒక్క మోటారు కూడా నేను బిగించలేదు.

అలాగని మమ్మల్ని పూర్తిగా వదిలేసినా కష్టమే. ఒకసారి రోబో చాలా నెమ్మదిగా నడుస్తుంటే మేము మోటార్లు పాడయ్యాయని అనుకుని మార్చాం, మళ్లీ అలాగే నడిచింది. చక్రాలు మార్చాం. చాలా రోజులు అలాగే పోయాయి. అప్పుడు సార్ ఏమీ ముట్టుకోకుండా మల్టీమీటర్ నా చేతికిచ్చి, "బ్యాటరీ దగ్గర కొలువు, మోటారు దగ్గర కొలువు, రెండూ పుస్తకంలో రాయి" అన్నారు. బ్యాటరీ దగ్గర 7.6 వోల్టులు వచ్చింది, మోటారు దగ్గర 5.5 మాత్రమే వచ్చింది. నడుమ ఉన్నది ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ ఒక్కటే. రెండు వోల్టులు అదే తినేస్తోందని మేమే కనిపెట్టాం. ఆ రోజు నేను ఇంటికి వెళ్లి అన్నం తింటూ కూడా ఇదే చెప్పాను. మాకు ఇలాంటి సాయం కావాలి.

గరివిడి_ఫిట్టర్
తల్లీ, మూడో మెట్టు అంటే ఏమిటో నాకన్నా నువ్వు బాగా చెప్పావు.

పొందూరు_కోడ్
టెక్కలి చెల్లి రాసిన చార్టు సంగతిని ఎవరూ దాటేసి వెళ్లవద్దు. మెంటర్ల హద్దు గురించి ఎంత మాట్లాడుకున్నా, జట్టు లోపల పనుల పంపకం ఇలాగే ఉంటే సగం మంది పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు. మా జట్టులో పనులు నెలనెలా మారతాయి. ఈ నెల ప్రోగ్రాం రాసినవారు వచ్చే నెల చాసిస్ (రోబో చట్రం) పని చూస్తారు, పోస్టర్ రాసినవారు ప్రోగ్రాంలోకి వస్తారు. దీనివల్ల వేగం తగ్గుతుంది, తగ్గనివ్వాలి.

నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ మా ఊరి బడికి వీడియో కాల్ ద్వారా సాయం చేస్తాను. నేను అక్కడ లేను కాబట్టి ముట్టుకోవడమన్న సమస్యే రాదు. పిల్లలు తెర చూపిస్తారు, నేను అడుగుతాను, టైపు చేసేది వాళ్లే. మొదట్లో చిరాకుగా ఉండేది. ఒక సెమీకోలన్ ఎక్కడ పోయిందో నాకు కనిపిస్తూనే ఉంటుంది, వాళ్లు వెతుకుతూ ఉంటారు. నేను "ఎర్రర్ మెసేజ్ మొదటి వరుస పైకి చదువు" అని మాత్రం అంటాను. కొన్నాళ్లకు నేను అనకముందే వాళ్లే చదవడం మొదలుపెట్టారు.

మా ఊళ్లో ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. మా నాయనమ్మ దగ్గర ఆ పని నేర్చుకున్నవారికి ఆమె ఎన్నిసార్లయినా చూపించేది గానీ, నూలు తెగితే అతికే పని మాత్రం వాళ్లకే వదిలేది. ప్రోగ్రాంలో తప్పు వెతకడం కూడా అలా పిల్లలకే వదలాల్సిన పని. మెంటర్ కొత్త సూత్రం చెప్పవచ్చు, ఉదాహరణ రాసి చూపి చెరిపేయవచ్చు, కానీ తప్పు దిద్దే కీబోర్డు మాత్రం తీసుకోకూడదు.

ఆమదాలవలస మాస్టారి సెన్సర్ సమస్యకు మాత్రం ఒక సూటి ఉపాయం ఉంది. నలుపు మీద పెట్టినప్పుడు సెన్సర్ ఏ అంకె ఇస్తుందో, తెలుపు మీద పెట్టినప్పుడు ఏది ఇస్తుందో పిల్లలచేత, సెన్సర్ అంకెలను ల్యాప్‌టాప్ తెర మీద చూపే సీరియల్ మానిటర్‌లో చూసి రాయించండి. ఒకసారి ల్యాబ్‌లో, ఒకసారి వరండాలో, ఒకసారి మిట్టమధ్యాహ్నం ఆవరణలో. ఎండలోనూ హాలోజన్ దీపాల్లోనూ పరారుణ కాంతి దండిగా ఉంటుంది, ట్యూబులైటులో చాలా తక్కువ. అందుకే చోటు మారితే అంకెలు మారిపోతాయి. ఆ రెండు అంకెలకు నడుమ హద్దు ఎక్కడ పెట్టాలో పిల్లలే నిర్ణయించి, ఆ విలువను ప్రోగ్రాం మొదటి వరుసలో పేరుపెట్టి రాసుకోవాలి. తాము కొలిచి పెట్టుకున్న అంకె ఎక్కడుందో వారు మర్చిపోరు.

ఆమదాలవలస_ఫిజిక్స్
వరండాలో కొలవడం రేపే చేయిస్తాను. పరారుణ కాంతి పాఠం కూడా అక్కడే చెప్పేయవచ్చు.

రాజాం_మెకానికల్
టెక్కలి చెల్లి మాటలు మా వాట్సాప్ బృందంలో పెట్టాను. "ఇలా ఇవ్వు" అన్న మాట మేమందరం రోజూ వాడేదే.

ఒక్క విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. లిథియం సెల్స్ చార్జింగ్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. 18650 సెల్ రెండు కొనలూ జేబులోని నాణేనికో తాళంచెవికో తగిలితే చాలు, నిప్పు పుడుతుంది. చార్జింగులో ఉన్న సెల్‌ను గదిలో వదిలేసి తాళం వేసి వెళ్లడం నేను కళ్లారా చూశాను. పిల్లల స్వాతంత్ర్యం పేరుతో ఇది వదిలేయడం కుదరదు. సోల్డరింగ్ కూడా అంతే.

పలాస_లెక్కలు
బ్యాటరీ చార్జింగ్ వరకు మీతో ఏకీభవిస్తున్నాను. సోల్డరింగ్ విషయంలో ఒప్పుకోను. మా తొమ్మిదో తరగతి పిల్లలు చక్కగా చేస్తారు.

గరివిడి_ఫిట్టర్
సోల్డరింగ్ ఐరన్ కొన 350 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దాన్ని బల్ల మీద పెట్టకుండా స్టాండులోనే పెట్టడం, కళ్లద్దాలు పెట్టుకోవడం, పొగ ముఖానికి తగలకుండా కిటికీ దగ్గర కూర్చోవడం, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటైన పిల్లకు ఐరన్ ఇవ్వవచ్చు. అలవాటు కానివారికి ఇంజినీరింగ్ విద్యార్థి అయినా ఇవ్వను. వయసు లెక్క కాదు, అలవాటే లెక్క.

బొబ్బిలి_విశ్రాంత_హెచ్ఎం
చర్చ బాగుంది. కానీ చాలా బడుల్లో మీరు మాట్లాడుకునే దశ దాకా రావడమే లేదు. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాడిగా దాని కారణం చెబుతాను.

ఈ టింకరింగ్ ల్యాబులు ఇచ్చే అటల్ ఇన్నోవేషన్ మిషన్‌ను నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టింది. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు వస్తాయి. 10 లక్షలు ల్యాబ్ ఏర్పాటుకు, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. అంత విలువైన సామగ్రి బడికి రాగానే దాన్ని స్టాక్ రిజిస్టరులో ఎక్కిస్తారు. రిజిస్టరులో ఎక్కిన వస్తువు విరిగితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసింది ఎవరు? ఆ భయంతోనే బీరువాకు తాళం పడుతుంది. పిల్లలు ముట్టుకుంటే కాలిపోతుందని మెంటర్ చేతికి ఇస్తారు, ఎందుకంటే అతను ఇంజినీరు. మెంటరే అంతా చేస్తున్నాడని మనం అతన్ని తప్పుపడుతున్నాం గానీ, చాలా చోట్ల సామాను అతని చేతికి ఇచ్చిందే బడి.

దీనికి నేను పాటించిన మార్గం ఇది. సెన్సర్లు, మోటార్లు, జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డులు వాడితే అరిగిపోయే వస్తువులు. వాటికి విడిగా ఒక రిజిస్టరు పెట్టి, ఏ తేదీన ఏ జట్టుకు ఏమి ఇచ్చారో, ఏది ఎలా పాడైందో పిల్లలచేతే రాయించి సంతకం పెట్టించాను. త్రీడీ ప్రింటరు, ల్యాప్‌టాప్ లాంటి శాశ్వత వస్తువులు పెద్ద రిజిస్టరులోనే ఉంటాయి. ఆడిట్‌కు వచ్చినవారు ఆ చిన్న రిజిస్టరు చూసి సంతృప్తి పడ్డారు. కాలిపోయిన మోటార్ డ్రైవర్ పక్కన పిల్లవాడి చేతిరాతతో "బ్యాటరీ తీగలు తారుమారుగా కలిపాను" అని ఉంటే అంతకు మించిన లెక్క ఎక్కడ దొరుకుతుంది?

2025 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని ప్రకటించారు. మన జిల్లాలకూ కొన్ని వస్తాయి. తాళం సంగతి ఇప్పుడే తేల్చుకోకపోతే అవి కూడా బీరువాల్లోనే ఉంటాయి.

గంటస్తంభం_వీధి
హెచ్ఎం గారూ, ఆ చిన్న రిజిస్టరును పిల్లలు పోటీకి కూడా తెస్తే న్యాయనిర్ణేతలకు వేరే ప్రశ్న అవసరం ఉండదు.

బొబ్బిలి_విశ్రాంత_హెచ్ఎం
ఇంకొక మాట మర్చిపోయాను. జనవరి రాగానే పదో తరగతి పిల్లలను పబ్లిక్ పరీక్షల కోసం స్టడీ అవర్లలో కూర్చోబెడతారు, వారు ల్యాబ్‌కు రాలేరు. మెంటర్లు కూడా చదువు పూర్తయి ఉద్యోగాలకు వెళ్లిపోతారు. మాస్టార్లకు బదిలీలు ఉంటాయి. కాబట్టి నేర్చుకున్నది బడిలో నిలవాలంటే తొమ్మిదివాళ్లు ఎనిమిదివాళ్లకు నేర్పాలి. నేను చివరి రెండేళ్లు మెంటర్లను తొమ్మిదో తరగతికి మాత్రమే నేర్పమని, ఎనిమిదో తరగతికి తొమ్మిదివాళ్లే నేర్పాలని నియమం పెట్టాను. తాను నేర్పవలసి ఉందని తెలిస్తే పిల్లవాడు మెంటర్‌ను అడిగే ప్రశ్నల తీరే మారిపోతుంది.

టెక్కలి_తొమ్మిది
ఎనిమిదో తరగతివాళ్లకు నేర్పేటప్పుడు నేను కూడా వాళ్ల చేతిలోంచి లాగేసుకుంటున్నాను. రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుంటే తప్ప ఆగలేకపోతున్నాను.

రాజాం_మెకానికల్
చూశారా మాస్టారూ, మా కష్టం ఇదే!

నెల్లిమర్ల_నాన్న
పోటీకి ముందురోజు సంగతి ఎవరూ చెప్పలేదు. రాత్రి రోబో ఆగిపోయింది, పొద్దున్నే బస్సు. అప్పుడు కూడా మెంటర్ చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఓడిపోయి వచ్చి ఏడ్చే పిల్లవాణ్ని సముదాయించవలసింది మేమే కదా.

పలాస_లెక్కలు
కూర్చోవాలి. చివరి వారంలో ఎవరి చేయి పడిందో పోటీకి వెళ్లేది వాళ్ల రోబోయే అవుతుంది.

రాజాం_మెకానికల్
నేను ఒప్పుకోను. ఏడాదంతా వాళ్లే చేసిన రోబోలో చివరి రాత్రి ఒక తీగ ఊడితే, అది ఏ తీగో నేను చూపించినంత మాత్రాన రోబో నాదైపోదు.

పొందూరు_కోడ్
చూపించడం వేరు, బిగించడం వేరు. చూపించండి, బిగించేది వాళ్లే బిగిస్తారు. అసలు ఆ రాత్రే రాకుండా చేయవచ్చు. పోటీకి వారం ముందు, అంతవరకు సరిగ్గా నడిచిన ప్రోగ్రాంను తేదీతో సహా వేరే పేరుతో దాచి పెట్టుకోమనండి. ఆ తరువాత చేసే మార్పులన్నీ కొత్త ఫైలులో చేయాలి. కొత్తది చెడిపోతే పాతది ఎక్కించుకుని వెళ్తారు. పాతదానితో మార్కులు తక్కువ రావచ్చు గానీ రోబో నడుస్తుంది, అది వాళ్ల పనే అయి ఉంటుంది.

గరివిడి_ఫిట్టర్
అలాగే తీగల చివరలకు పిల్లలచేత టేపు ముక్క అంటించి, ఏ పిన్నుదో రాయించండి. బస్సు కుదుపులకు జంపర్ వైర్లు ఊడడం మామూలే. పేరు ఉంటే తిరిగి పెట్టడానికి మెంటర్ అక్కర్లేదు.

ఆమదాలవలస_ఫిజిక్స్
ఇక్కడి మాటలన్నీ చదివి ఈ శనివారం మెంటర్లిద్దరితో కూర్చున్నాను. నేను మొహమాటపడినంతగా వారేమీ నొచ్చుకోలేదు. "ప్రోగ్రాం మేమే రాయాలని మీరు ఆశిస్తున్నారనుకున్నాం సార్, పోటీలో బహుమతి రాకపోతే మీకు మాట వస్తుందేమోనని భయపడ్డాం" అన్నారు. నేను అడగకపోవడం, వారు చెప్పకపోవడం, ఇలా ఏడాది గడిచిందన్నమాట.

అనుకున్నవి ఇవి. దసరా సెలవుల్లో మెంటర్లు ఒక నమూనా రోబోను పిల్లల ముందు కట్టి, వారిచేతే విప్పిస్తారు. ఆ తరువాత రోబో మీదా ప్రోగ్రాం మీదా పిల్లల చేతులే ఉంటాయి. చార్జింగ్ నా బాధ్యత. పనులు నెలకొకసారి మారతాయి. పోయినసారి ఉపన్యాసం చెప్పిన అమ్మాయి మొదటి నెల ప్రోగ్రాం చూస్తుంది. చివరి రాత్రి విషయంలో మాత్రం మెంటర్లిద్దరూ రాజాం గారి పక్షానే ఉన్నారు, నేను పలాస మాస్టారి వైపు ఉన్నాను. దాన్ని ఇంకా తేల్చుకోలేదు.

హెచ్ఎం గారిని ఒకటి అడగాలి. సెలవు రోజుల్లో పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను ల్యాబ్‌కు రప్పించడానికి మీరు ఏ ఏర్పాటు చేసేవారు?

బొబ్బిలి_విశ్రాంత_హెచ్ఎం
తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం ముందే తీసుకోండి. అందులో వచ్చే వేళ, తిరిగి పంపే వేళ, బడిలో ఉండే ఉపాధ్యాయుల పేర్లు రాయండి. ఆడపిల్లలు ఉన్నంతసేపూ ఒక ఉపాధ్యాయిని ఉండాలి, మెంటర్లను ఒంటరిగా పిల్లలతో వదలకూడదు. ఇది ఎవరినో అనుమానించి పెట్టే నియమం కాదు, మెంటర్లకు కూడా రక్షణే. మధ్యాహ్నం భోజనం ఉండదు కాబట్టి క్యారేజీలు తెచ్చుకోమనండి. సిరిమానోత్సవం జరిగే మంగళవారం మాత్రం పెట్టుకోకండి, విజయనగరం వైపు బస్సులన్నీ కిటకిటలాడుతుంటాయి.

రాజాం_మెకానికల్
ఆమదాలవలస మాస్టారూ, మీ మెంటర్లకు అభ్యంతరం లేకపోతే నేనూ ఒక రోజు వస్తాను. మా దగ్గర టీబీ6612 మోటార్ డ్రైవర్లు రెండు ఉన్నాయి, ఎల్298ఎన్ కన్నా వోల్టేజీ చాలా తక్కువ తింటాయి. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలచేతే కొలిపించవచ్చు. టెక్కలి చెల్లి కూడా వాళ్ల మాస్టారితో కలిసి వస్తే, కొలవడం ఎలాగో ఆ అమ్మాయే చూపిస్తుంది.

టెక్కలి_తొమ్మిది
మా సార్‌ను అడిగాను. హెచ్ఎం మేడమ్ అనుమతి ఇస్తే తీసుకొస్తానన్నారు. మా మల్టీమీటర్ కూడా తెస్తాం, ఫ్యూజు మార్చాం.